ముగ్గురు మనుషుల పొడుగు ఐసు

ఆ రోజు పొద్దున ధనంజయ వేసుకున్న పథకం చిన్నదే. తెల్లవారగానే ఐసు వస్తుంది. పెరట్లోకి ఎండ దిగేలోపు తను దాని మీద జారడం నేర్చుకుంటాడు. ఇడ్లీలు అమ్ముకుని మునెమ్మ వచ్చే వేళకు, ఎప్పటినుంచో జారుతున్నవాడిలా ఆమె ముందు జారి చూపిస్తాడు. ఆ తర్వాత ఐసు కరిగిపోయినా ఫరవాలేదు.

నేర్చుకోవలసిన అవసరం ఎందుకొచ్చిందంటే, ధనంజయ ఇరవై ఏళ్లు సిమ్లాలో ఐసు మైదానం పక్కనే బతికాడు గానీ, ఒక్కసారి కూడా దాని మీద కాలు పెట్టలేదు. పుత్తూరు నుంచి ఒక దొర వెంట వంటపనికి వెళ్లినవాడు, అక్కడ దొరల క్లబ్బులో కత్తి జోళ్లు తొడిగే పనిలో కుదురుకున్నాడు. కత్తి జోళ్లు అన్నది అతను పెట్టుకున్న పేరే. బూటు అడుగున నిలువుగా ఇనుప కత్తి బిగించి ఉంటుంది. చలికాలంలో మైదానంలో నీళ్లు పోసి వదిలేస్తే గడ్డ కడతాయి. ఆ గడ్డ మీద దొరలూ దొరసానులూ ఈ జోళ్లతో జారతారు. నౌకర్లు మాత్రం కొయ్య కంచె దాటకూడదు.

అతని విద్యంతా కంచెకు ఇవతలే. వచ్చినవాళ్లు గేటు దగ్గర్నుంచి బల్ల దాకా నడిచి వచ్చేలోపు, ఎవరికి ఏ జోడో తేల్చేసేవాడు. ముందుకు వాలి వేళ్ల మీద నడిచే దొరసానికి కత్తి కొసన రంపపు పళ్లున్నది, ఆ పళ్లు గుచ్చితేనే గిర్రున తిరగడం కుదురుతుంది. ఉన్నట్టుండి పక్కకు మళ్లే కుర్రదొరకు పొట్టి కత్తి, అది కర్రలతో ఆట ఆడేవాళ్లది. తల దించుకుని తిన్నగా పోయేవాడికి పొడుగు కత్తి. కాళ్లు వణికే కొత్తవాళ్లకైతే కత్తి సంగతి తర్వాత, ముందు మడమ చుట్టూ తోలు గట్టిగా ఉందో లేదో చూడాలి. నిలబడితే బొటనవేలు ముందు తోలును తాకీ తాకనట్టుండాలి. మోకాలు వంచితే వెనక్కి రావాలి. మందపాటి మేజోళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని వచ్చే దొరలను, వాళ్లెంత పెద్ద హోదాలో ఉన్నా సరే, జోడు కాలికి పట్టదని వెనక్కి పంపేవాడు.

తర్వాత దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, దొరలు వెళ్లిపోయారు. క్లబ్బు సెక్రటరీ వెళ్తూ వెళ్తూ ఒక ట్రంకు పెట్టె నిండా కత్తి జోళ్లిచ్చి, చెయ్యి కలిపాడు. పుత్తూరులో తనవాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. ధనంజయ ఆ పెట్టెతో తిరుపతిలో దిగి, ఒక వీధి చివర, పెరడున్న ఇల్లు అద్దెకు తీసుకున్నాడు.

కత్తి జోళ్లు ఎంచగలవాడికి తిరుపతిలో ఉన్న గిరాకీ ఊహించుకోవచ్చు. అక్కడ కొండెక్కేవాళ్లు అలిపిరిలో కాళ్లకున్న చెప్పులు కూడా విడిచేసి పోతారు. అయినా ధనంజయ సాయంత్రాలు మెట్ల దగ్గర కూర్చుని, దిగి వచ్చేవాళ్ల నడక చూస్తూ ఒక్కొక్కరికీ మనసులో జోడు ఎంచి పెట్టేవాడు. గుండుతో, వణికే మోకాళ్లతో దిగే శెట్టిగారికి మడమ గట్టిది. పిల్లను చంకనేసుకుని మనుషుల మధ్య దూరిపోయే ఆమెకు పొట్టి కత్తి. ఎంచడం అయ్యేసరికి వాళ్లు వెళ్లిపోయేవాళ్లు. అతనూ లేచి ఇంటికి వచ్చేవాడు. దీపం వెలిగించేదాకా ఇంట్లో చీకటి ఉండేది. వెలిగించాక అతను ఉండేవాడు.

అతని మాట విన్నది ఒక్క మునెమ్మే. భర్త పోయాక అలిపిరి దారిలో ఇడ్లీలు అమ్ముకుంటున్న మనిషి.

"నీళ్లు గట్టిపడతాయా?" అని అడిగింది మొదటి రోజు.

"రాయి మాదిరి."

"దాని మింద మనుసులు నిలబడతారా?"

"నిలబడేదేంది, జారతారు. గాలి మాదిరి పోతారు."

"పన్లేకనా?"

ఆ ప్రశ్న ఇరవై ఏళ్లలో ధనంజయకు ఎప్పుడూ తట్టలేదు. ఆమే మళ్లీ అంది, "ఉండనీలే. నువ్వు జారినావా?"

"ఆ," అన్నాడు ధనంజయ. ఆలోచించే లోపే నోటి నుంచి వచ్చేసింది.

"అట్లయితే ఒకసారి సూపీ," అంది మునెమ్మ ఇడ్లీ రేకులు కడుగుతూ. "వీధోళ్లంతా నిన్ను సిమ్లా కోతలోడు అంటా ఉండారు. నేనూ అనల్నో వద్దో తెలుసుకుంటా."

ఆమె కూడా ఆ మాట అనేస్తే, ఇక సాయంత్రాలు మాట్లాడడానికి మెట్లు తప్ప ఎవరూ మిగలరు. అందుకే ధనంజయ ఊరి బయట కొత్తగా పెట్టిన ఐసు మిల్లుకు వెళ్లి, బండెడు ఐసు చెప్పి వచ్చాడు.

అతను మరిచిపోయింది ఒకటుంది. ఆ రోజుల్లో తిరుపతిలో ఐసు రెండు చోట్లకే వెళ్లేది. పెళ్లింట్లో షర్బతులోకి, లేదా మద్రాసు నుంచి బిడ్డలు వచ్చేదాకా ఉంచవలసిన శవం కిందికి. అది ధనుర్మాసం. పెళ్లిళ్లు లేవు.

ఐసు బండి తోలుకొచ్చిన కుప్పయ్య ఆ వీధికి కొత్త. మొదట్లోనే ఉన్న వరదయ్య కాఫీ హోటలు దగ్గర బండి ఆపాడు.

"ధనంజయ అనే ఆయన ఇల్లు యాడ సామీ?"

వరదయ్య బండి వైపు చూశాడు. గోనెపట్టల కింద నుంచి రంపపు పొట్టు కలిసిన నీళ్లు కారుతున్నాయి.

"ఐసా?"

"ఐసే."

"బండి నిండానా?"

"నిండానే."

వరదయ్య చేతిలోని చెంబు కింద పెట్టాడు. "ఎవురు పోయినారు?"

"నాకేం తెలుసు సామీ. ఆ ఇంట్లో ఎంతమంది ఉండారు?"

"ఒకడే."

లెక్క అంత సులువుగా తేలడం ఇద్దరికీ బాధగానే ఉంది.

"మొన్న గూడా ఈడనే కాఫీ తాగినాడు," అన్నాడు వరదయ్య. "ఏందో జోళ్ల గురించి చెప్పబోతే, పనుండాదని నేనే లోపలికి పోతి. పనేం లేదు."

కుప్పయ్య బండి తోలుకుని వీధి చివరికి వెళ్లి తలుపు తట్టాడు. తలుపు తీసిన సన్నటి మనిషి చలికి వణుకుతున్నాడు. పోయినాయన తాలూకు చుట్టం కాబోలు అనుకుని కుప్పయ్య తలపాగా తీసి పక్కన పెట్టాడు.

"ఏం జేస్తామప్పా. మన సేతిలో ఏముండాది."

దారిలో ఐసు కరిగిన సంగతి చెబుతున్నాడనుకున్నాడు ధనంజయ. "పోతే పోయిందిలే. సలికాలం గదా, మద్యాన్నం దాకా నిలస్తాది."

"మద్యాన్నానికే ఎత్తేస్తారా? సుట్టాలు రావద్దా?"

"సుట్టాలెవురుండారబ్బా. ఒకామె వచ్చి సూసి పోతాది, అంతే."

కుప్పయ్య కళ్లు తుడుచుకున్నాడు. "యాడ పరసల్ల?"

"పెరట్లో, గోడ నీడన. సందు లేకుండా వరసగా."

"ఒక మనిషి పొడుగు సాలు గదా?"

"ఒక మనిషి పొడుగు ఏ మూలకప్పా? ముగ్గురు మనుషుల పొడుగన్నా ఉండల్ల."

కుప్పయ్య చేతిలో గోనెపట్ట జారిపోయింది. "ముగ్గురా?"

"నలుగురికైతే ఇంకా మేలు. ఐసు సాలదు గదా."

ఆ తర్వాత కుప్పయ్య దిమ్మలన్నీ ఎంత వేగంగా పరిచాడంటే, ఐసు మిల్లు వాళ్లు చూసి ఉంటే జీతం పెంచేవాళ్లు. తలపాగా కూడా అరుగు మీదే మరిచిపోయి, బండిని పరుగెత్తించుకుంటూ హోటలు దగ్గర పడ్డాడు.

"ఒకరు గాదు సామీ, ముగ్గురు. నాలుగో ఆయనకు గూడా ఐసు కావల్లంట."

"ఆ మాట ఎవురు చెప్పినారు?"

"నాలుగో ఆయనే అనుకుంటా. నిలబడలేక వణకతా ఉండాడు."

తిరుపతిలో పెరిగినవాడికి ఆ మాట చాలు. యాత్రికులు దిగే ఊరు. ఎక్కడి నుంచో ఎవరో వస్తారు, ఎవరింట్లోనో పడుకుంటారు, వాంతులు మొదలవుతాయి. వరదయ్య పొయ్యి మీది పాలు దించేసి, హోటలు తలుపులు మూశాడు. కలరా అన్న మాట ఆయన నోట ఒక్కసారే వచ్చింది. మిగతా పని వీధి చూసుకుంది. వీధి మొదట్లో ముగ్గురు. బజారు చేరేసరికి ఏడుగురు. స్టేషను చేరేసరికి ఆర్కాడు నుంచి వచ్చిన యాత్రికుల గుంపు మొత్తం. అప్పుడే రైలు దిగిన నిజమైన ఆర్కాడు యాత్రికులు ఆ మాట విని, తమకు తామే సంతాపం తెలుపుకుని, వచ్చిన రైల్లోనే మళ్లీ ఎక్కారు.

శానిటరీ ఇన్‌స్పెక్టరు బాలసుబ్రమణ్యం సగం గడ్డం గీసుకుని ఉండగా కబురు అందింది. ఆయన పద్ధతైన మనిషి. మిగతా సగం గడ్డం వదిలేసి, ముందు చిత్తూరుకు తంతి కొట్టించాడు. తర్వాత సూదుల పెట్టె, బ్లీచింగ్ పౌడరు డబ్బాలు, బంట్రోతులు, మోకు తాడు సమకూర్చుకునే పనిలో పడ్డాడు.

ఇంట్లో ధనంజయ లోకమే వేరు. దిమ్మల సందుల్లో ఐసు పొడి కూరి, నీళ్లు చిలకరించి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో అతుకులు చదును చేశాడు. ఐసును ఇస్త్రీ చేసినవాడు తిరుపతిలో అతనొక్కడే అయి ఉంటాడు. పని ముగించి ట్రంకు పెట్టె తెరిచాక అసలు చిక్కు వచ్చింది. తనకు ఏ జోడు?

వందల మందికి ఎంచాడు. తన నడక మాత్రం ఎప్పుడూ చూడలేదు. పెరట్లో ఇటు నుంచి అటు నడిచి చూసుకున్నాడు. పాదాల వైపు చూస్తే నడక మారిపోతోంది. చూడకపోతే తెలియడం లేదు. నీడను చూద్దామంటే ఎండ వచ్చేదాకా ఆగాలి, ఎండ వస్తే ఐసు ఆగదు.

అప్పుడే వీధిలో గుసగుసలు వినిపించాయి. తలుపు సందులోంచి చూశాడు. నాలుగిళ్ల అవతల వీధి వీధంతా నిలబడి తన ఇంటి వైపే చూస్తోంది. పక్కింటి వాళ్లు, ఎదురింటి వాళ్లు, తను పలకరిస్తే తల తిప్పుకునేవాళ్లు, అందరూ ఉన్నారు.

మునెమ్మ అందరికీ చెప్పేసిందని అర్థమైంది అతనికి. తను జారడం చూడడానికి వచ్చారు. ఎవరూ దగ్గరికి రాకపోవడం మర్యాద కాబోలు. ధనంజయ తలుపు సందులోంచే వాళ్లకు జోళ్లు ఎంచడం మొదలుపెట్టాడు. వరదయ్య ఒక్కచోట నిలవకుండా తిరుగుతున్నాడు, పొట్టి కత్తి. మేడింటి గంగులమ్మ ముని వేళ్ల మీద లేచి చూస్తోంది, పళ్ల జోడు. ఎవరి జోడు వాళ్లకు అందేలా పెరట్లో వరసగా పేర్చి పెట్టాడు. తనది మాత్రం ఇంకా తేలలేదు. వచ్చినవాళ్లను కాసేపు ఆగమనాలి కదా అని, తలుపు ఓరగా తీసి చెయ్యి బయటపెట్టి ఊపాడు.

వీధి ఒక్కసారిగా వెనక్కి జరిగింది.

"సచ్చిపోతా సచ్చిపోతా పిలస్తా ఉండాడు," అన్నారెవరో.

అప్పుడే ఇడ్లీ తట్ట నెత్తిన పెట్టుకుని మునెమ్మ వచ్చింది. సంగతి విని తట్ట దించి, వరదయ్య చేత హోటలు తలుపు తీయించి గంజి చెంబు తీసుకుంది.

"పోవద్దు మునెమ్మా, అంటుకుంటాది," అన్నాడు వరదయ్య.

"సెయ్యి ఊపినాడు గదా."

"అందర్నీ పిలిచినాడు. నిన్నొకదాన్నేనా?"

"అందురూ పోలేదు గదా," అంది మునెమ్మ. అని నడిచిపోయింది.

తలుపు తోసుకుని ఆమె లోపలికి వెళ్లేసరికి ధనంజయ రెండు చేతుల్లో రెండు రకాల జోళ్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బతికే ఉండావా," అంది మునెమ్మ.

"ఉండా."

"ఆ ముగ్గురో?"

"యా ముగ్గురు?"

మునెమ్మ పెరట్లోకి చూసింది. ఐసు చూసింది, జోళ్ల వరస చూసింది. మెట్టు మీద కూలబడి, తెచ్చిన గంజి తనే తాగేసింది. తర్వాత జరిగిందంతా చెప్పింది.

ధనంజయ తలుపు వైపు చూశాడు. "అయితే వాళ్లంతా నేను సచ్చినానని వచ్చినారా?"

"ఊ."

"జారేది సూసేదానికి గాదా?"

"గాదు."

"అంతమంది," అన్నాడు ధనంజయ. పేర్చిన జోళ్లను ఒక్కొక్కటిగా మళ్లీ పెట్టెలో పెట్టసాగాడు. "పో, బతికే ఉండానని చెప్పు. వాళ్ల పనులు పోతాయి."

"చెప్తాలే. ఎండొస్తా ఉండాది. ముందు జారు."

ధనంజయ చేతులు ఆగాయి. "మునెమ్మా, ఒక మాట. నేను ఇంతవరకూ..."

"తెలుసు."

"ఎట్ల?"

"జోళ్ల సంగతి పొద్దుగూకేదాకా చెప్తావు. జారిన సంగతి ఒక్కనాడన్నా చెప్పినావా? జారినోడు పడినానని అన్నా చెప్పుకుంటాడు."

"తెలిసీ సూపీమని ఎందుకన్నావు?"

"అంటే అన్నా జారతావని."

అతను తన రెండు చేతుల్లోకి చూసుకున్నాడు. "నాకు ఏ జోడో తెలీడంలేదు. నా నడక నాకు కనపడదు గదా."

"నాకు కనపడతాది గదా," అంది మునెమ్మ. "రోజూ మెట్ల కాడ లేసి పోతావే, సూస్తానే ఉండా. కుడికాలు ఈడుస్తావు. నీకు పండ్ల జోడు ఎందుకప్పా? మడమ గట్టిది ఏసుకో."

ధనంజయ పెట్టెలోంచి మడమ గట్టి జోడు తీశాడు. బొటనవేలు ముందు తోలును తాకీ తాకనట్టుంది. మోకాలు వంచితే వెనక్కి వచ్చింది. తాళ్లు బిగించి, గోడ పట్టుకుని లేచి, ఐసు మీద నిలబడ్డాడు. మునెమ్మ వీపు మీద చెయ్యి పెట్టి మెల్లగా తోసింది.

ముగ్గురు మనుషుల పొడుగు ఎంతో దూరం కాదు. కానీ కత్తి కింద ఐసు చేసే ఆ గరగర, ఇరవై ఏళ్లు కంచె అవతల నుంచి విన్న చప్పుడు, ఈసారి అరికాళ్ల నుంచి పైకి వచ్చింది. గాలి మొహానికి తగిలింది. ఆ తర్వాత గోడ తగిలింది.

"ఐపోయిందా?" అంది మునెమ్మ.

"ఐపోయింది."

"నుదురు కమిలింది సూడు. మళ్లా జారు."

రెండోసారి అతను జారుతుండగానే ఇన్‌స్పెక్టరు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. శవాలు ఎక్కడున్నాయో చూపించడానికి కుప్పయ్యను, ఎవరివో గుర్తుపట్టడానికి వరదయ్యను వెంట లాక్కొచ్చాడు. సాక్షులిద్దరూ కళ్లు మూసుకుని ఉన్నారు. ఇన్‌స్పెక్టరు కళ్లు తెరిచే ఉన్నాడు గానీ కింద చూడలేదు. బూటు ఐసు మీద పడింది. ఆయన కూడా జారాడు, ధనంజయ కంటే దూరమే, కూర్చున్న భంగిమలో.

"శవాలెక్కడ?" అని అడిగాడు, కింద కూర్చునే.

"లేవు సార్," అన్నాడు ధనంజయ.

"రోగులు?"

"లేరు సార్."

"మరి ఈ ఐసు?"

"జారేదానికి సార్."

బాలసుబ్రమణ్యం మడమ పట్టుకుని కాసేపు మూలిగాడు. లేచి నిలబడలేకపోయినా నిబంధనలు మాత్రం ఆయనకు నిలువుగానే గుర్తున్నాయి. "చిత్తూరుకు తంతి వెళ్లిపోయింది. కలరా లేదని ఇంకో తంతి పంపాలంటే, లేదని రుజువు కావాలి. అయిదు రోజుల గడువు ముగిసేదాకా ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ కాకపోతే అదే రుజువు. అందాకా లోపలున్నవాళ్లు బయటికి పోకూడదు."

"మేం ఇప్పుడే వచ్చినాము గదా సార్," అన్నాడు వరదయ్య. "లోపలున్నోళ్లంటే మేమూనా?"

"గడప దాటినవాళ్లందరూ."

"నా ఎద్దుల్ని ఎవురు సూస్తారు?" అన్నాడు కుప్పయ్య.

ఇన్‌స్పెక్టరు ఆ సంగతి పట్టించుకోకుండా, తనను లేపి తీసుకుపొమ్మని గడప అవతల నిలబడ్డ బంట్రోతును పిలిచాడు. బంట్రోతు కదల్లేదు. చేతిలోని మోకు తాడును తలుపుకు అడ్డంగా కట్టి, ముడి బిగించి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

"మీరూ దాటినారు గదా సార్," అన్నాడు వినయంగా.

అలా, ఎవరూ తొంగిచూడని ఇంట్లో అయిదుగురు చేరారు. మునెమ్మ వంటగది తనదని చెప్పి తలుపు గడియ పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరు మడమ వాచింది. పుత్తూరు నుంచి కట్టు కట్టేవాళ్లను పిలిపిద్దామంటే వాళ్లు గడప దాటాలి, దాటితే ఉండిపోవాలి. చివరికి ధనంజయే ఆయన కాలికి మడమ గట్టి జోడు తొడిగి తాళ్లు బిగించాడు. నొప్పి తగ్గింది. అది మొదలు బాలసుబ్రమణ్యం కత్తి ఉన్న కాలు పీట మీద చాపుకునే బంట్రోతుకు ఆజ్ఞలు జారీ చేశాడు.

ఐసు ఆ మధ్యాహ్నమే కరిగి జామచెట్టు మొదట్లోకి పోయింది. చెయ్యడానికి పనిలేక అందరూ ధనంజయ చెప్పేది విన్నారు. మొదట విసుగ్గా విన్నారు. తర్వాత అడ్డు తగులుతూ విన్నారు. తర్వాత అతను చెప్పడం ఆపినా వాళ్లు ఆపలేదు. తాడు అవతల వీధిలో ఎవరు నడిచి పోయినా ఏ జోడో తేల్చడం మొదలైంది.

"పొడుగు కత్తి," అనేవాడు వరదయ్య.

"ఆ వంకర కాళ్లకు పొడుగు కత్తా? కళ్లు లేవా నీకు?" అనేవాడు కుప్పయ్య.

"మడమ గట్టిదే ఎవరికైనా," అనేవాడు ఇన్‌స్పెక్టరు. ఆయనకు అనుభవం ఉంది కాబట్టి ఎవరూ కాదనేవాళ్లు కాదు.

ధనంజయ మధ్యలో కూర్చుని, తప్పులు దిద్దాలని ఉన్నా దిద్దకుండా, వింటూ ఉండేవాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. గడువు తీరిన పొద్దున బంట్రోతు వచ్చి తాడు విప్పాడు. కుప్పయ్య ఎద్దుల పేర్లు పిలుచుకుంటూ పరుగెత్తాడు. వరదయ్య హోటలు తెరవాలంటూ వెళ్లిపోయాడు. ఇన్‌స్పెక్టరు కత్తి జోడు విప్పి, కృతజ్ఞతలు చెప్పి, కుంటుతూ తంతి కొట్టించడానికి బయల్దేరాడు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. వాళ్ల తప్పేమీ లేదు, అందరికీ ఇళ్లున్నాయి. చూస్తుండగానే ఇల్లు మళ్లీ పాత కొలతకు వచ్చేసింది.

ధనంజయ పెట్టె దగ్గర కూర్చుని, ఒక్కో కత్తికీ నూనె గుడ్డ పట్టించి సర్దుతున్నాడు. ఒక జోడు తక్కువైంది. తల ఎత్తి చూస్తే, అది మునెమ్మ కాళ్లకుంది. పొద్దున్నే తొడుక్కుని, ఇప్పుడు వంటగది గడపలో కూర్చుని తాళ్లతో కుస్తీ పడుతోంది.

"ఏందట్ల సూస్తావు," అంది. "ముడి ఊడి రావడంలేదు. కాసేపు కూర్సోని పోతా."

ఆ ముడులు వేసుకున్నది ఆమే, ఒకదాని మీద ఒకటి.